చాలు అనే మాట

"చాలు" అనేది తెలుగులో రెండక్షరాల మాట. అనడానికి అరసెకను పడుతుంది. ఆ మాటని సమయానికి అనడం నేర్చుకోవడానికి మాత్రం కొందరికి జీవితకాలం సరిపోదు.

ఈమధ్య "మినిమలిజం" అనే మాట తరచుగా వింటున్నాం. తక్కువ వస్తువులతో, తక్కువ హడావిడితో బతికితే మనసుకి హాయిగా ఉంటుందని దాని సారాంశం. అమెరికాలో థోరో అనే రచయిత 1845 నుంచి 1847 దాకా వాల్డెన్ అనే చెరువు ఒడ్డున చిన్న గుడిసె కట్టుకుని బతికి, ఆ అనుభవాన్ని 1854లో పుస్తకంగా అచ్చు వేశాడు. మన కాలంలో జపాన్ నుంచి మేరీ కొండో ఇల్లు సర్దుకోవడం మీద పుస్తకం రాసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. వాళ్ళు చెప్పింది మంచి మాటే. అయితే అదేదో మనకి కొత్తగా దిగుమతి అయిన సరుకు కాదు. మన మాటల్లో, మన పంక్తి భోజనాల్లో, మన గోదావరి ఒడ్డున పుట్టిన మనుషుల్లో ఆ సంగతి ఎప్పటినుంచో ఉంది. ఈసారి పాఠం దాని గురించే.

మాటలోనే ఉంది

ముందు భాష సంగతి చూద్దాం. "చాలు" అనేది క్రియ. "ఈ బియ్యం నలుగురికి చాలును", "చాలదు", "చాలవు" అని వాడతాం. సరిపోవడం అని దాని అర్థం. దీనికే ఇంకో అర్థం ఉంది, శక్తి కలిగి ఉండటం. "చెప్పజాలను", "చేయజాలడు" అని గ్రాంథికంలో చదువుతాం కదా, ఆ "జాలు" కూడా ఈ చాలే. అంటే మన భాషలో సరిపోవడానికీ, సమర్థతకీ మాట ఒక్కటే. "నాకు చాలు" అనగలవాడు ఏమీ లేనివాడు కాదు, ఒక రకంగా చూస్తే చేవ ఉన్నవాడు.

ఇంకో తమాషా ఉంది. "చాలా బాగుంది", "చాలామంది వచ్చారు" అంటాం. ఆ "చాలా" కూడా "చాలు" నుంచి పుట్టిందే. "సరిపోయేటంత" అని మొదటి అర్థం. పోను పోను అది "ఎక్కువ" అయింది. మన పూర్వులకి సరిపోయేటంత ఉంటే అదే సమృద్ధి అన్నమాట. ఇవాళ మనకి "చాలా" ఉన్నా "చాలు" అనిపించడం లేదు. తల్లీకూతుళ్ళలాంటి రెండు మాటలు విడిపోయాయి. "చాలించు" అనేది కూడా ఈ కుటుంబంలోదే. పని చాలించడం, ప్రసంగం చాలించడం. ఎక్కడ ఆపాలో తెలియడం అన్నమాట. (నాగటి చాలు మాత్రం వేరే మాట. పరీక్షలో కలిపేయకండి.)

"సంతోషం" అనే మాట కథ కూడా ఇలాంటిదే. సంస్కృతంలో దీని అసలు అర్థం తృప్తి. పతంజలి యోగసూత్రాల్లో చెప్పిన అయిదు నియమాల్లో సంతోషం ఒకటి. అక్కడ దాని అర్థం ఉన్నదానితో నిండుగా ఉండటం. తెలుగులోకి వచ్చేసరికి అది ఆనందం అనే అర్థంలో స్థిరపడింది. అందుకే ఇప్పుడు కొత్త చీర కొంటే సంతోషం, ఉన్న చీర బాగుందనుకుంటే మాత్రం తృప్తి. ఒకప్పుడు ఈ రెండూ ఒకటే.

తినేవాళ్ళ మాట, వడ్డించేవాళ్ళ మాట

మన వైపు పంక్తిలో కూర్చుని భోంచేసేటప్పుడు చూడండి. వడ్డించేవాళ్ళు "ఇంకొంచెం వేసుకోండి" అంటారు. తినేవాళ్ళు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ, చాలు" అంటారు. "చాలు" అనే హక్కు తినేవాళ్ళది. వడ్డించేవాళ్ళు గిన్నె వెనక్కి తీసుకుని "నీకిక చాలు" అన్నారనుకోండి, అది మర్యాద కాదు. ఊరంతా చెప్పుకుంటారు.

ఈ చిన్న మర్యాదలోనే సగం పాఠం ఉంది. తృప్తి అనేది ఎవరికి వాళ్ళు చెప్పుకోవలసింది. ఒకరు ఇంకొకరికి వడ్డించేది కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ అవసరం వస్తుంది.

తృప్తి అంటే నోరు కట్టుకోవడం అని కూడా అనుకోనక్కర్లేదు. "పుస్తెలమ్మి అయినా పులస తినాలి" అనే సామెత పుట్టిన గోదావరి మనది. వరద రోజుల్లో మన యానాంలో ఒక్కో పులస వేల రూపాయలు పలుకుతుంది. ఈ సామెతని దుబారాకి సమర్థనగా చెబుతుంటారు. కానీ దాని వెనకాల ఉన్న సంగతి వేరు. పులస ఏడాది పొడుగునా దొరకదు. సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వచ్చే ఆ కొద్ది వారాలే దొరుకుతుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని తింటారు. ఆ రుచి మళ్ళీ ఏడాది దాకా చెప్పుకుంటారు. అరుదుగా వచ్చినదాన్ని నిండుగా అనుభవించడమంటే ఇదే. రోజూ పులస దొరికితే దాని గురించి సామెతే పుట్టి ఉండేది కాదు.

వామనుడి మూడడుగులు

మన పాఠ్యాంశాల్లో తరచూ వచ్చే వామన చరిత్రని ఈ కోణంలో చదివి చూడండి. పోతన భాగవతం అష్టమ స్కంధంలోని కథ ఇది. బలి చక్రవర్తి వామనుణ్ణి ఏం కావాలో కోరుకోమంటాడు. వామనుడు మూడడుగుల నేల చాలంటాడు. ఇంత గొప్ప దాతని అడగవలసింది ఇదేనా అని బలి అంటే, ఉన్న కొంచెంతో తృప్తి పడనివాడికి ద్వీపాలకి ద్వీపాలు ఇచ్చినా తృప్తి ఉండదని వామనుడు జవాబు చెబుతాడు.

తరవాత జరిగింది మనకి తెలుసు. అంత చిన్న కోరిక కోరినవాడే రెండడుగుల్లో లోకాలన్నీ కొలిచేశాడు. మరి తృప్తి పాఠం చెప్పినవాడే అంతా తీసుకున్నాడే, ఈ కథలో తృప్తి ఎవరిది? జాగ్రత్తగా చదివితే అది బలిదేనేమో అనిపిస్తుంది. వచ్చినవాడు ఎవరో శుక్రాచార్యుడు ముందే చెప్పాడు. సర్వస్వం పోతుందని హెచ్చరించాడు. అయినా బలి మాట తప్పలేదు. వచ్చిన రాజులెవరూ సంపదని వెంట తీసుకుపోలేదని అతను గురువుకి జవాబు చెప్పే పద్యం మనలో చాలామందికి నోటికి వచ్చు. ఇంటికి వెళ్ళాక ఆ పద్యం తీసి, అందులో "చాలు" క్రియ ఎక్కడ దాగి ఉందో వెతకండి. కచ్చితంగా ఉంది.

పోతన గురించి కూడా ఇలాంటి కథే ప్రచారంలో ఉంది. భాగవతాన్ని రాజుకి అంకితమివ్వనన్నాడనీ, నాగలి పట్టి బతికాడనీ చెబుతారు. కావేరీ ఒడ్డున తిరువయ్యారులో ఉండి తెలుగులో కీర్తనలు పాడిన త్యాగరాజు (1767–1847) తంజావూరు రాజు పిలుపుని కాదన్నాడనీ సంప్రదాయం చెబుతుంది. ఈ కథల్లో చారిత్రక సత్యం ఎంతన్నది వేరే చర్చ. మన జాతి తనకి నచ్చిన కవుల గురించి ఎలాంటి కథలు దాచుకుందో గమనించండి. రాజు ఇచ్చిన బంగారం లెక్కల కన్నా, వద్దన్న కథలనే జనం ఎక్కువ ఇష్టంగా చెప్పుకున్నారు.

గానుగెద్దు నడక

కొన్నది వెంటనే పాతబడిపోతుంది ఎందుకని? దీన్ని 1971లో బ్రిక్‌మన్, కాంప్‌బెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు. మనిషి కొత్త సుఖానికి త్వరగా అలవాటు పడిపోతాడు. అలవాటు పడగానే అది సుఖంలా అనిపించదు. మళ్ళీ అదే సంతోషం కావాలంటే ఇంకా పెద్దది కావాలి. ఉన్న చోటే పరిగెత్తించే యంత్రంతో వాళ్ళు దీన్ని పోల్చారు. మనకి అంతకన్నా మంచి పోలిక ఉంది, గానుగెద్దు. పొద్దున్నించి సాయంత్రం దాకా నడుస్తుంది. లెక్కేస్తే కోసుల దూరం. కానీ గానుగ దగ్గరే ఉంటుంది.

ఇప్పుడు ఆ గానుగ మన చేతిలోనే ఉంది. ఫోన్ తెరిస్తే చాలు, "ఈ రాత్రి పన్నెండు వరకే", "రెండే మిగిలాయి", "నెలకి ఇంతే కట్టండి" అంటూ పిలుస్తుంది. మూడు వందల తొంభై తొమ్మిది అంటే నాలుగు వందలని తెలిసినా మన కన్ను మూడు దగ్గరే ఆగుతుంది. నెలకి 500 రూపాయలే కదా అనుకుని అక్కర్లేనివి కొంటే ఏడాదికి 6,000. ఆ డబ్బు ఎవరిది? మనలో చాలామందికి అది నాన్న కూలి డబ్బో, అమ్మ కుట్టుమిషను మీద సంపాదించిందో అయి ఉంటుంది. వాయిదాల మీద కొన్న వస్తువు పాడైపోయినా వాయిదా మాత్రం నెలనెలా టంచనుగా వస్తుంది. "అప్పు చేసి పప్పు కూడు" అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

లెక్క డబ్బుతోనే అయిపోదు. ఒక జీన్స్ ప్యాంటు తయారు కావడానికి దాదాపు 7,500 లీటర్ల నీళ్ళు ఖర్చవుతాయని ఐక్యరాజ్యసమితి చెబుతోంది. గౌతమి పక్కనే ఉండి కూడా ఎండాకాలం తాగే నీళ్ళకి ఇబ్బంది పడటం తెలిసిన మనకి ఆ అంకె బరువు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇటు మనకి దగ్గర్లోనే ఉప్పాడ ఉంది. అక్కడ ఒక జామ్‌దానీ చీర మగ్గం మీద నుంచి దిగడానికి వారాలు పడుతుంది. అలా నేసిన చీరని అమ్మలు పెట్టెలో దాచి, కూతురికి, మనవరాలికి ఇస్తారు. ఒక్కటి కొని ముప్పై ఏళ్ళు కట్టుకోవడం, ముప్పై కొని ఒక్కోటి ఒక్కసారి కట్టుకోవడం, రెండూ కొనడమే. వాటిలో తృప్తి ఎందులో ఉందో అమ్మమ్మ పెట్టె తెరిస్తే తెలుస్తుంది.

లంకల గన్నవరం సీతమ్మగారు

ఇక మన గోదావరి ప్రాంతంలోనే పుట్టి పెరిగిన ఒక మహాతల్లి గురించి. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. లంకల గన్నవరం గ్రామానికి చెందిన డొక్కా జోగన్నగారిని పెళ్ళాడి ఆ ఊరు వచ్చారు. గోదావరి పాయల మధ్య లంక గ్రామం. పడవ దాటి వచ్చిన బాటసారులకి పూటకూళ్ళ ఇల్లు దొరకని రోజులు. ఎవరు ఏ వేళప్పుడు వచ్చినా, ఏ కులమైనా, ఆవిడ అన్నం పెట్టేవారు. ఒకరోజు, ఒక ఏడాది కాదు, జీవితమంతా పెట్టారు. అందుకే జనం అపర అన్నపూర్ణ అన్నారు.

ఆవిడ గురించి రెండు కథలు మన ప్రాంతంలో అందరూ చెప్పుకుంటారు. ఒకటి, అంతర్వేది స్వామిని చూడాలని ఒకసారి పల్లకీలో బయలుదేరారట. దారిలో ఆగినచోట ఒక పెళ్ళివారి గుంపు మాటలు చెవిన పడ్డాయి. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, "కాస్త ఓర్చుకోండి, గన్నవరం వెళ్తే సీతమ్మగారు అన్నం పెడతారు" అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. అంతే, ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్ళకన్నా ముందు ఇంటికి చేరి వంట చేయించారట. రెండోది, ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపు వస్తే ఆవిడ వెళ్ళలేదు. చివరికి ఆవిడ ఫొటో తీయించి తీసుకెళ్ళి అక్కడ ఉంచారని చెబుతారు.

సీతమ్మగారి ఇంట్లో వస్తువులు తక్కువని చెప్పలేం. అంతమందికి వండాలంటే పెద్ద గంగాళాలు, గాదెల నిండా ధాన్యం ఉండాలి. కాబట్టి నిరాడంబరం అంటే వస్తువులు లెక్కపెట్టుకోవడం కాదని ఆవిడ జీవితం చెబుతోంది. ఆ ధాన్యం ఎవరి కోసం అన్నదే ప్రశ్న. తన పేరు, తన ప్రయాణం, తన గొప్ప దగ్గరికి వచ్చేసరికి "చాలు" అన్నారు. ఎదుటివాళ్ళ విస్తరి దగ్గర ఒక్కనాడూ ఆ మాట అనలేదు. 1909లో ఆవిడ కన్నుమూశారు. ఇవాళ వైనతేయ మీద ఉన్న గన్నవరం అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టుకున్నాం.

గాజులు చాలు, చదువు చాలదు

సీతమ్మగారు పోయిన 1909లోనే రాజమండ్రిలో ఇంకో ఆడపిల్ల పుట్టింది. ఆమే దుర్గాబాయి. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసేశారు. ఆ రోజుల్లో అది వింత కాదు. బాల్యవివాహాలని ఆపడానికి 1929లో శారదా చట్టం వచ్చింది. అప్పుడేమయిందో మన ఊరి చరిత్ర తెలిసినవాళ్ళకి తెలుసు. యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఇక్కడ ఆ చట్టం లేదు. చుట్టుపక్కల బ్రిటిషు జిల్లాల నుంచి జనం పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేశారు. మన ఊరికి కళ్యాణపురం అనే పేరు కూడా అందుకే వచ్చిందంటారు. వినడానికి అందంగా ఉన్న ఆ పేరు వెనక ఎంతమంది చిన్నపిల్లలు ఉన్నారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

దుర్గాబాయి సంగతికి వద్దాం. 1921లో గాంధీగారు మనకి 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాకినాడ వచ్చారు. పన్నెండేళ్ళ దుర్గాబాయి పట్టుబట్టి దేవదాసీలతో, ముస్లిం స్త్రీలతో గాంధీగారి సభ పెట్టించింది. ఆయన మాటల్ని తనే తెలుగులో చెప్పింది. అక్కడికి వచ్చిన ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. దుర్గాబాయి తన చేతి బంగారు గాజులు ఇచ్చేసింది.

గాజుల దగ్గర "చాలు" అన్న ఆ పిల్ల చదువు దగ్గర ఆ మాట అనలేదు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళి వచ్చాక మళ్ళీ పుస్తకాలు పట్టింది. మెట్రిక్ ప్రైవేటుగా కట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసింది. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి వకీలు అయింది. రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. ఆంధ్ర మహిళా సభని స్థాపించి, చదువు మానేసిన ఎంతోమంది ఆడవాళ్ళకి మళ్ళీ పరీక్షలు రాసే దారి చూపింది. 1958లో ప్రభుత్వం వేసిన జాతీయ స్త్రీ విద్యా సంఘానికి అధ్యక్షురాలైంది.

దేనికి చాలు అనాలో, దేనికి చాలదు అనాలో ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి జీవితం మనకి పాఠం కాక మరేమిటి?

తృప్తి వేరు, సర్దుకుపోవడం వేరు

ఇప్పుడు పంక్తి భోజనం మర్యాదని మళ్ళీ గుర్తు చేసుకుందాం. "చాలు" అనవలసింది తినేవాళ్ళు.

ఆడపిల్లల జీవితంలో ఇది తరచుగా తలకిందులవుతుంది. "డిగ్రీ చాలు, ఇంకా పీజీ ఎందుకు?" "నీకు సైకిల్ చాల్లే." "ఉన్నదాంట్లో సర్దుకుపో అమ్మా, ఆడదానివి." ఇవన్నీ వడ్డించేవాళ్ళు గిన్నె వెనక్కి తీసుకుంటూ అనే చాలులు. వీటికి తృప్తి అని పేరు పెట్టకూడదు. అన్నయ్య చదువుకి "చాలదు, ఇంకా చదవాలి" అనే ఇంట్లోనే చెల్లెలికి "చాలు" అంటే అది నిరాడంబరమూ కాదు, పొదుపూ కాదు. అలాగే కూలి తక్కువ ఇచ్చి "ఉన్నదాంతో తృప్తిగా ఉండు" అని పనివాళ్ళకి చెప్పే నీతి కూడా నీతి కాదు.

అదే పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి అదే ఇంట్లో ఎక్కడలేని "చాలదు" పుట్టుకొస్తుంది. బంగారం చాలదు, మండపం చాలదు, వంటకాలు చాలవు, ఫొటోలు చాలవు. పీజీ ఫీజుకి లేని డబ్బు ఒక్కరోజు అలంకరణకి అప్పుగా దొరుకుతుంది. ఆ అప్పు తీరేదాకా ఆ ఇంటి కంచాల్లో ఏం తగ్గుతుందో ఏ ఆల్బంలోనూ కనిపించదు. ఇక్కడే మన గొంతు వినపడాలి. మన పెళ్ళి మండపం ఎంతుంటే చాలో చెప్పవలసినది మనం. మన చదువు ఎంతవరకో చెప్పవలసినదీ మనమే.

కాబట్టి ఎవరైనా తృప్తి గురించి పాఠం చెబితే, ఈ వ్యాసంతో సహా, రెండు ప్రశ్నలు వేసి చూడండి. చాలు అంటున్నది ఎవరు? తగ్గుతున్నది ఎవరి విస్తరిలో? ఆ రెండు జవాబులూ ఒక్కరే అయితే అది తృప్తి. వేరు వేరైతే దానికి ఇంకేదో పేరుంది.

నెల రోజులు చేసి చూద్దాం

1. ఏదైనా కొనాలనిపిస్తే ఒక కాగితం మీద తారీఖు వేసి రాసుకోండి. పది రోజులాగండి. అప్పటికీ కావాలనిపిస్తే కొనండి. సగం కోరికలు ఆ కాగితం మీదే చల్లారిపోతాయి.

2. మన మంగళవారం సంతకి వెళ్ళే ముందు ఇంట్లో ఏమున్నాయో చూసి జాబితా రాసుకోండి. జాబితాలో లేనిది బుట్టలోకి రాకూడదు.

3. ఏడాదిగా కట్టని బట్టలు తీసి, బాగున్నవి ఉతికి, మడతపెట్టి, కట్టుకునేవాళ్ళకి ఇవ్వండి. చిరిగినవి ఇవ్వకండి, అది దానం అనిపించుకోదు. భోగి వచ్చేదాకా ఆగక్కర్లేదు, మంటలో వెయ్యక్కర్లేదు.

4. వాయిదాల మీద ఏదీ కొనకండి. చదువుకి అప్పు తీసుకోవలసి వస్తే అది వేరే సంగతి, ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి.

5. రోజుకి ఒక గంట ఫోన్ పక్కన పెట్టి, గ్రంథాలయం నుంచి తెచ్చిన పుస్తకం చదవండి. ఖర్చు లేని ఆనందాల్లో ఇంతకన్నా నిండైనది దొరకడం కష్టం.

ఆలోచించి రాయండి

వామన చరిత్రలో తృప్తి వామనుడిదా, బలిదా? మీ జవాబుకి కారణం రాయండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, "చాలు" మీద, తృప్తి మీద మన గోదావరి సామెతలు రెండు సేకరించండి.

మీ జీవితంలో మీరు "చాలు" అనదలచుకున్నది ఒకటి, "చాలదు" అనదలచుకున్నది ఒకటి రాయండి. పేరు రాయడం మీ ఇష్టం.

కాగితాలు తెలుగు శాఖలో ఇవ్వండి. మంచివి వచ్చే సంచికలో ఈ గోడ మీదే అంటిస్తాం. ఒక్క పేజీ చాలు.